అడగని మేలుకొలుపులు: మా బోధనా కెర్నెల్ ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

తార్నాకలో ఒక మిత్రుడి ఇంటి మేడగదిలో శనివారాలు కలుసుకునే మా చిన్న బృందం ఈ వర్షాకాలమంతా ఒకే పని పెట్టుకుంది. మా కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలో) నిద్రపోతున్న, అంటే ఏదో ఒకదాని కోసం ఆగి ఉన్న ఏ థ్రెడ్‌నైనా (విడిగా నడిచే పనుల వరుసనైనా), ఎవరైనా, ఎప్పుడైనా, కారణం లేకుండా లేపినా వ్యవస్థ చెక్కుచెదరకూడదు. మా కెర్నెల్‌కు మూలం ఎక్స్‌వీ6. ఆరవ ఎడిషన్ యూనిక్స్ నిర్మాణాన్ని అనుసరించి, పాఠం చెప్పడానికి ఎమ్‌ఐటీలో రాసిన చిన్న కెర్నెల్ అది; మేము వాడేది రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ నిర్మాణానికి రాసిన దాని రూపం. కెర్నెల్ థ్రెడ్లు, గడువుతో కూడిన నిరీక్షణ, సందేశాల క్యూ, రెండో డిస్కు డ్రైవరు అనే చేర్పులు మాకంటే ముందు ఈ ప్రాజెక్టులో పనిచేసిన విద్యార్థుల నుంచి వారసత్వంగా వచ్చాయి. మూలంలోని కోడ్ ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటుంది. చేర్పుల సంగతి అలా లేదు.

ఎక్స్‌వీ6లో నిద్ర ఎలా జరుగుతుందో ముందు రాసుకోవాలి, ఎందుకంటే తరువాతి గొడవలన్నీ దాని నుంచే పుడతాయి. స్లీప్ అనే ఫంక్షన్‌కు రెండే ఇస్తాము: ఒక ఛానెల్, ఒక లాక్. లాక్ అంటే ఒక్కసారికి ఒక్కరినే ముందుకు పోనిచ్చే కాపలా. ఛానెల్ అంటే ప్రత్యేకమైన వస్తువేమీ కాదు, మెమరీలోని ఏదో ఒక చిరునామా. దాన్ని కేవలం ఒక సంఖ్యగా పోల్చి చూస్తారు. నిద్రపోబోయే ప్రాసెస్ ముందు తన సొంత లాక్ పట్టుకుని, ఆ తరువాతే చేతిలో ఉన్న లాక్‌ను వదిలి, ఛానెల్ రాసుకుని, నిద్ర స్థితికి మారి, తరువాత ఎవరు నడవాలో నిర్ణయించే షెడ్యూలర్‌కు పగ్గాలు అప్పగిస్తుంది. లేపేవాడు వేకప్ పిలిస్తే అది 64 గళ్ల ప్రాసెస్ పట్టికనంతా తిరిగి, ఆ సంఖ్య మీద నిద్రపోతున్న ప్రతి ఒక్కరినీ నడవడానికి సిద్ధం చేస్తుంది. ఛానెల్ దగ్గర వరుస లేదు, లెక్క లేదు, ఎందుకు లేపుతున్నామో రాసిపెట్టే చోటూ లేదు. అందువల్ల మేలుకున్న థ్రెడ్‌కు తాను మేలుకున్న సంగతి తప్ప మరేదీ తెలియదు.

అనుకోని మేలుకొలుపు వచ్చే దారులు చూస్తే, ఒకే ఛానెల్ మీద ఇద్దరు వేర్వేరు కారణాలతో పడుకుని ఉండవచ్చు. అందరినీ ఒక్కసారి లేపినప్పుడు మొదట లాక్ అందుకున్నవాడు ఉన్నదంతా తీసుకుపోగా, మిగిలినవారు ఖాళీ పాత్ర దగ్గరికి వచ్చినట్టవుతుంది. ప్రాసెస్‌ను చంపడానికి వాడే కిల్ పిలుపు నిద్రలో ఉన్న ప్రాసెస్‌ను, అది దేని కోసం ఆగిందో చూడకుండా, సిద్ధస్థితికి తెస్తుంది. వీటికంటే సూక్ష్మమైనది మరొకటి ఉంది: ఛానెల్ ఒట్టి చిరునామా కాబట్టి, ఒక నిర్మాణాన్ని విడుదల చేసి అదే చోట మరొకటి కేటాయించినప్పుడు, పాతదాని కోసం ఆలస్యంగా వచ్చిన మేలుకొలుపు కొత్తదాని మీద పడుకున్నవాడికి తగులుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. చిరునామాను గుర్తుగా వాడినంత కాలం ఇది జరుగుతూనే ఉంటుంది.

ఈ వ్యవహారానికి చరిత్ర ఉంది. 1974లో హోర్ ప్రతిపాదించిన మానిటర్లలో (ఉమ్మడి డేటాను ఒక్కసారికి ఒక్కరే ముట్టుకునేలా చేసే నిర్మాణాలలో), సంకేతం ఇచ్చినవాడు వెంటనే తన అధికారాన్ని నిరీక్షిస్తున్నవాడికి అప్పగిస్తాడు. మధ్యలో మూడోవాడు దూరే సందు లేదు కాబట్టి, మేలుకోవడమంటే షరతు నెరవేరిందనే అర్థం. జిరాక్స్ పార్క్‌లో మెసా భాషను నిజమైన పనులకు వాడిన అనుభవాన్ని లాంప్సన్, రెడెల్ 1980లో రాసినప్పుడు ఆ హామీని వదులుకున్నారు. అక్కడ సంకేతం ఒక సూచన మాత్రమే; లేచినవాడు షరతును మళ్లీ చూసుకోవాలి. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిదైన పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం ఇంకొక అడుగు వేసి, ఎవరూ సంకేతం ఇవ్వకపోయినా కండిషన్ వేరియబుల్ (షరతు కోసం థ్రెడ్లు ఆగే చోటు) మీది నిరీక్షణ ముగియవచ్చునని చెబుతుంది. విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే ప్రయాణికుడు తెల్లవారుజామున చాయ్ కేకకు మేలుకుంటే, వచ్చింది కాజీపేటో సికింద్రాబాదో బోర్డు చూసుకునే కదా సామాను దించుతాడు. మా కెర్నెల్‌లోని ప్రతి థ్రెడ్ నుంచి మేము కోరేది అంతే.

జూలై, బోనాల ముందు

స్లీప్‌ను పిలిచే చోట్లన్నీ వెతికి కాగితం మీద రాసుకున్నాము. మేలుకున్న ప్రతిసారీ షరతును మళ్లీ చూసే వైల్ లూప్ ఉండవలసిన చోట ఒక్కసారే చూసే ఇఫ్ ఉన్నవి కంటికే దొరికాయి: థ్రెడ్ ముగిసేదాకా ఆగే జాయిన్‌లో ఒకటి, రెండో డిస్కు డ్రైవరులో ఒకటి. వాటిని వెంటనే దిద్దవద్దని అందరం అనుకున్నాము. కోడ్ చదివి దొరికిన తప్పును చదివే దిద్దితే, చదివినా దొరకనిదాన్ని పట్టే పనిముట్టు మన దగ్గర ఉందో లేదో తెలియదు. ముందు పనిముట్టు తయారుచేసి, తెలిసిన ఈ రెండింటినీ అది పట్టుకుంటుందో లేదో చూసి, ఆ తరువాతే దాన్ని నమ్మాలి.

బృందంలో అందరికంటే చిన్నవాడు అడిగిన ప్రశ్న న్యాయమైనదే: "అన్నా, అన్నింటినీ లూప్‌లో పెట్టేస్తే అయిపోతుంది కదా, ఈ హడావుడి అంతా దేనికి?" లూప్ ఉన్నంత మాత్రాన లోపలి లెక్క సరిగ్గా ఉందని కాదు అని నేను చెప్పిన జవాబు అప్పటికి నాకే కొంచెం పొడిగా అనిపించింది. తరువాతి వారాల్లో అతడే దానికి మంచి ఉదాహరణలు వెతికిపెట్టాడు.

పనిముట్టు ఆలోచనకు ప్రేరణ లినక్స్ కెర్నెల్‌లోని ఒక చిన్న ఏర్పాటు. అక్కడ కాలాన్ని లెక్కించే జిఫీస్ అనే లెక్క సున్నా నుంచి మొదలు కాదు. యంత్రం లేచిన అయిదు నిమిషాలకే 32 బిట్ల అంచు దాటి మళ్లీ సున్నాకు వచ్చేలా, కావాలనే ఒక రుణసంఖ్య నుంచి మొదలవుతుంది. లేకపోతే ఆ అంచు ఎన్నో వారాల తరువాత, ఎవరి ముందూ కాకుండా, ఏ డేటా సెంటర్‌లోనో తగులుతుంది. అరుదుగా జరిగేదాన్ని రోజూ జరిగేలా చేస్తే దాన్ని పట్టించుకోని కోడ్ ఎక్కువ కాలం బతకదు. అనుకోని మేలుకొలుపుల విషయంలోనూ అదే చేయాలని నిశ్చయించుకున్నాము.

జూలై, బోనాల తరువాత

తట్టే థ్రెడ్ తయారైంది. అది కెర్నెల్ లోపలే ఉండి, టిక్కుకు (కెర్నెల్ గడియారపు ఒక్కో కదలికకు) ఒకసారి ప్రాసెస్ పట్టికలో ఒక గడిని యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఆ ప్రాసెస్ లాక్ పట్టుకుని, నిద్రలో ఉంటే సిద్ధస్థితికి మార్చి వదిలేస్తుంది. యాదృచ్ఛిక సంఖ్యలకు చిన్న ఎక్స్-ఓర్-షిఫ్ట్ సూత్రం చాలు. దాని బీజసంఖ్యను (అది మొదలయ్యే సంఖ్యను) బూట్ సమయంలో ముద్రిస్తాము. తప్పు దొరికినప్పుడు మళ్లీ తెప్పించడం కోసం యంత్రాన్ని అనుకరించే క్యూఎము సాఫ్ట్‌వేరును ఒకే హార్ట్‌తో (రిస్క్-ఫైవ్ పరిభాషలో ప్రాసెసర్ కోర్ లాంటిది), ఆదేశాలను లెక్కపెట్టి కాలాన్ని నడిపే ఐకౌంట్ ఐచ్ఛికంతో నడిపిస్తే అదే బీజం చాలావరకు అదే దారి పడుతుంది. మూడు హార్ట్‌లతో నడిపేటప్పుడు ఆ సౌఖ్యం ఉండదు.

నడిపిన మొదటి సాయంత్రమే ఒక సంగతి తేలింది. తట్టే థ్రెడ్ ఎంత తిరిగినా దాని దెబ్బలన్నీ షెల్ (ఆదేశాలు తీసుకునే ప్రోగ్రాము), ఇనిట్ (మొదటి ప్రాసెస్) మీదే పడుతున్నాయి. ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు: షెల్ కన్సోల్ దగ్గర, ఇనిట్ పిల్లల కోసం వెయిట్‌లో, దాదాపు ఎప్పుడూ పడుకునే ఉంటాయి, డిస్కు కోసం ఆగిన ప్రాసెస్ మాత్రం రెప్పపాటులో లేచిపోతుంది. పట్టికలోంచి యాదృచ్ఛికంగా ఎంచుకోవడమంటే ఎక్కువసేపు నిద్రపోయేవారినే ఎక్కువగా ఎంచుకోవడం. ప్రమాదం ఉన్నదేమో క్షణకాలపు నిద్రల్లో.

అందుకని రెండో పద్ధతిని స్లీప్ లోపలే పెట్టాము. పిలిచిన ప్రతిసారీ కొంత సంభావ్యతతో అది అసలు నిద్రపోకుండానే తిరిగి వచ్చేస్తుంది. ఇక్కడ ఒక షరతు ముఖ్యం. లాక్‌ను వదలకుండా ఉత్తచేతులతో వెనక్కి వస్తే పరీక్ష సగమే అవుతుంది, ఎందుకంటే నిజమైన నిద్రలో లాక్ చేయి జారుతుంది, ఆ మధ్యలో ఇతరులు వచ్చి ప్రపంచాన్ని మార్చిపోతారు. కాబట్టి లాక్ వదిలి, ప్రాసెసర్‌ను మరొకరికి ఇచ్చి, మళ్లీ లాక్ తీసుకుని రావాలి. ఆ వ్యవధిలో వచ్చిన నిజమైన మేలుకొలుపు మన థ్రెడ్‌కు తగలదు, అది నిద్రలో లేదు కనుక; అయినా హాని లేదు, తిరిగి వచ్చి షరతును చూసుకుంటుంది కనుక. ఈ పద్ధతి నిద్ర పొడవుతో సంబంధం లేకుండా స్లీప్‌ను పిలిచే ప్రతి చోటునూ సమానంగా కొడుతుంది. తట్టే థ్రెడ్‌ను తీసేయలేదు. నిద్ర మధ్యలో, ఎక్కడో టైమర్ ఇంటరప్టుకూ (ప్రాసెసర్ పనిని మధ్యలో ఆపే హార్డ్‌వేర్ సంకేతానికీ) కిల్‌కూ నడుమ తగిలే దెబ్బ దానితోనే సాధ్యం.

దీనితో పాటు ప్రతి ప్రాసెస్‌కు ఒక చిన్న చిట్టా జోడించాము: చివరిసారి లేపినవాడి రిటర్న్ చిరునామా (కోడ్‌లో ఎక్కడి నుంచి లేపాడో), అప్పటి టిక్కు, ఏ ఛానెల్. కన్సోల్‌లో కంట్రోల్-పీ నొక్కితే ఎక్స్‌వీ6 ప్రాసెస్‌ల జాబితా చూపిస్తుంది. ఆ వరుసల చివరనే ఇవీ కనిపిస్తాయి. ఈ వర్షాకాలంలో మేము రాసినవాటిలో అతి తక్కువ పంక్తులతో అతి ఎక్కువ పని చేసింది ఈ చిట్టాయే.

జూలై చివర

తెలిసిన రెండు తప్పులూ వెంటనే బయటపడ్డాయి. డిస్కు డ్రైవరు సంగతి కొంచెం వివరంగా రాయాలి.

విర్టయో డిస్కుకు (క్యూఎము చూపించే ఊహా డిస్కుకు) పని అప్పగించేటప్పుడు ఎక్స్‌వీ6 పద్ధతి ప్రకారం స్థితి బైట్‌లో 0ఎక్స్ఎఫ్ఎఫ్ రాసి ఉంచుతారు. పని సక్రమంగా ముగిస్తే పరికరం అక్కడ సున్నా రాస్తుంది. రెండో డ్రైవరు ఒక్కసారి నిద్రపోయి, లేచిన వెంటనే బఫర్‌ను (డిస్కు డేటాను ఉంచే మెమరీ ముక్కను) చెల్లుబాటైనదిగా గుర్తించి ఇచ్చేస్తోంది. తొందరగా లేచినప్పుడు బఫర్‌లో ఉన్నది పాత సరుకు. ఫైల్ వ్యవస్థ అందులో ఐనోడ్ (ఫైలు వివరాల నమోదు) కోసం చూసి, రకం సున్నాగా కనిపించడంతో "ఐలాక్: నో టైప్" అని పానిక్ అవుతుంది, అంటే కెర్నెల్ అక్కడే ఆగిపోతుంది. పానిక్ కావడం అదృష్టం. చదువుతున్నది మామూలు ఫైల్ డేటా అయి ఉంటే తప్పుడు అక్షరాలు నిశ్శబ్దంగా పైకి వెళ్లిపోయేవి.

వైల్ పెట్టగానే పానిక్ పోయింది. ఆ వెంటనే ఒకరు, పైపు (ఒక ప్రాసెస్ నుంచి మరొకదానికి డేటా పంపే దారి) చదివే కోడ్‌లో ఉన్నట్టే ఇక్కడ కూడా లూప్ లోపల కిల్ గుర్తును చూసి బయటపడితే బాగుంటుంది కదా అన్నారు. ఇది చూడడానికి మర్యాదగా ఉండే ప్రమాదం. పైపు దగ్గర ఆగినవాడు మధ్యలో వెళ్లిపోతే ఎవరికీ నష్టం లేదు. డిస్కు దగ్గర ఆగినవాడి బఫర్ భౌతిక చిరునామా పరికరం చేతిలో ఉంది. పని ముగిసినట్టు యూజ్డ్ రింగ్‌లో (పరికరం ముగించిన పనుల జాబితాలో) నమోదు అయ్యేదాకా అది అందులో ఎప్పుడైనా రాయవచ్చు. వీడు లేచిపోయి, ఆ బఫర్ మరొక బ్లాకుకు వెళ్లాక పరికరం రాస్తే, ఎవరి డేటా మీద ఏమి పడిందో కనుక్కోవడం ఇక అయ్యే పని కాదు. పైగా ఫైల్ వ్యవస్థ పని మధ్యలో ఆగిపోతే డిస్కు మీద సగం నిర్మాణం మిగులుతుంది. అందుకే ఎక్స్‌వీ6 మూలం పైపులోనూ కన్సోల్‌లోనూ కిల్‌ను చూస్తుంది, డిస్కు డ్రైవరులో చూడదు. లినక్స్‌లో ప్రాసెస్‌లను చూపే పీఎస్ జాబితాలో డీ అక్షరంతో కనిపించే, దేనికీ చావని ప్రాసెస్‌లను చూసి విసుక్కోనివారుండరు. ఆ మొండితనానికి మూలం ఇదే. ప్రాణాంతక సంకేతాలకు మాత్రం లేచే మధ్యస్థ స్థితిని అక్కడ 2.6.25 కూర్పులో, 2008లో చేర్చారు, కానీ దాన్ని వాడే ప్రతి చోటా వదిలివెళ్లేటప్పటి శుభ్రత బాధ్యత రాసినవారిదే.

ఈ చర్చ తరువాత మా కాగితం మీద ప్రతి నిద్ర పక్కనా ఇంకొక గడి గీశాము: అనుకోకుండా లేస్తే వెళ్లిపోవచ్చా, లేక తిరిగి పడుకోవలసిందేనా. దాన్ని నింపడానికి పట్టినంత సమయం కోడ్ రాయడానికి పట్టలేదు.

గడువుతో కూడిన నిరీక్షణ కూడా ఈ వారమే కూలింది. అందులో లూప్ ఉంది, షరతూ ఉంది, అయినా తప్పే. ప్రతి మేలుకొలుపు తరువాత మిగిలిన గడువును లెక్కించకుండా మొదటి గడువునే మళ్లీ అందిస్తోంది. పది టిక్కుల గడువు ఇచ్చినవాడిని ప్రతి తొమ్మిది టిక్కులకూ ఒకసారి తడితే వాడి గడువు ఎన్నటికీ ముగియదు. పరిహారం పాతదే: లోపలికి రాగానే ఏ టిక్కుకు ముగియాలో లెక్కగట్టి, ఆ తరువాత దాన్ని ముట్టుకోకూడదు. మూలంలోని నిద్ర సిస్టమ్ కాల్ (ప్రోగ్రాము కెర్నెల్‌ను పిలిచే దారి) మొదటి టిక్కును గుర్తుపెట్టుకుని, గడిచిన తేడాను పోలుస్తుంది. చిహ్నం లేని 32 బిట్ల తీసివేత కాబట్టి లెక్క అంచు దాటినా ఫలితం చెడదు. సెకనుకు సుమారు పది టిక్కుల చొప్పున ఆ అంచు రావడానికి 13 ఏళ్లకు పైనే పడుతుంది. మేము టిక్కులను అంచుకు దగ్గరగా మొదలుపెట్టి అదీ చూసేశాము.

జాయిన్ గురించి ఒక వాక్యం చాలు: పిల్ల థ్రెడ్ ఇంకా నడుస్తుండగానే దాని కెర్నెల్ స్టాక్ విడుదలవుతోంది, వైల్ పెట్టాక సర్దుకుంది. సర్దుకుందనే ఆ వారం అనుకున్నాము.

ఆగస్టు

సందేశాల క్యూ మిగతా అన్నింటికంటే ఎక్కువ సమయం తీసుకుంది, ఎందుకంటే దానిలో లూపులన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా గంటకో రెండు గంటలకో పరీక్ష కదలకుండా నిలబడిపోయేది. కంట్రోల్-పీ నొక్కితే అందరూ నిద్రలోనే.

విద్యార్థులు అందరినీ లేపే వేకప్‌కు బదులు ఒక్కరినే లేపే ఫంక్షన్ రాశారు, అనవసరంగా అందరినీ లేపడం ఎందుకని. పంపేవారూ, తీసుకునేవారూ ఒకే ఛానెల్ మీద పడుకుంటారు. క్యూ పరిమాణం ఒకటి అనుకుని, చిట్టా చూపించిన వరుస ఇది. ఖాళీ క్యూ దగ్గర ఇద్దరు తీసుకునేవారు నిద్రలో ఉన్నారు. ఒక పంపేవాడు సందేశం పెట్టి ఒకరిని లేపాడు, మొదటివాడు సిద్ధమయ్యాడు. వాడు నడవకముందే రెండో పంపేవాడు వచ్చి, క్యూ నిండి ఉండడం చూసి, అదే ఛానెల్ మీద పడుకున్నాడు. ఇప్పుడు మొదటివాడు సందేశం తీసుకుని, మళ్లీ ఒకరిని లేపాడు. లేవవలసింది రెండో పంపేవాడు. పట్టికలో ముందున్న కారణంగా లేచింది రెండో తీసుకునేవాడు. వాడు బుద్ధిగా షరతు చూసుకుని, క్యూ ఖాళీ అని గ్రహించి, తిరిగి పడుకున్నాడు. క్యూ ఖాళీ, చేతిలో సందేశంతో పంపేవాడు నిద్ర, తీసుకునేవాడు నిద్ర.

ఇక్కడ మేము చాలాసేపు ఆగాము. తిరిగి పడుకున్నవాడి దృష్టిలో అది అనుకోని మేలుకొలుపు, వాడు చేసింది అక్షరాలా సరైన పని. నిజానికి అది మరొకరికి చెందవలసిన మేలుకొలుపు. వాడి దగ్గర ఖర్చైపోయింది. అదనంగా వచ్చిన మేలుకొలుపు ఎవరికీ హాని చేయదన్న మాట, అది మరొకరి ఖాతాలోంచి రానంతవరకే నిజం. ఒక్కరినే లేపడం మొదలుపెట్టిన క్షణం నుంచి మేలుకొలుపులకు లెక్క పుడుతుంది, లెక్క పుట్టిన చోట దాన్ని పోగొట్టే అవకాశమూ పుడుతుంది. ఎక్స్‌వీ6 పైపు చదివేవారికి ఒక చిరునామా, రాసేవారికి మరొక చిరునామా వాడుతుంది, పైగా అందరినీ లేపుతుంది. రెండు ఛానెళ్లు పెట్టగానే పై ప్రతిష్టంభన విడిపోయింది.

అంతటితో అయిపోలేదు. గడువుతో ఆగిన తీసుకునేవాడిని ఎంచుకుని లేపాక, వాడు నడిచేలోపు గడువు దాటిపోతే, లూప్ గడువునే ముందు చూసి "సమయం మించింది" అని వెళ్లిపోతోంది. సందేశం క్యూలో పడి ఉంది, వాడి కోసం చేసిన మేలుకొలుపు వాడితోనే పోయింది, పక్కన గడువు లేకుండా పడుకున్నవాడికి కబురు లేదు. షరతును ముందు, గడువును తరువాత చూసేలా వరుస మార్చాము; గడువు దాటినా సందేశం ఉంటే తీసుకునే వెళ్లాలి. కిల్ విషయం ఇంకా మొండిది. చావబోయేవాడికి సందేశం ఇచ్చి ప్రయోజనం లేదు, కాబట్టి వాడు వెళ్లిపోయేముందు క్యూలో ఏదైనా ఉంటే తనకు బదులు మరొకరిని లేపి వెళ్లాలి. ఆ ఒక్క పంక్తి మీద మా గదిలో జరిగినంత వాదన మరి దేని మీదా జరగలేదు. అందరినీ లేపే పాత వేకప్‌కే తిరిగిపోదామన్నది ఒక పక్షం. ఇంత చిన్న కెర్నెల్‌లో వారిదే సరైన దారి అని ఇప్పటికీ అనుకుంటున్నాను. 64 గళ్ల పట్టికలో ఆదా అయ్యేదేమీ లేదు. కానీ ఇది బోధనా కెర్నెల్, ఆ పంక్తి ఎందుకుందో విద్యార్థి అడగాలి అన్న వాదన గెలిచింది. ఫంక్షన్ ఉంది, దాని పైన వ్యాఖ్య ఫంక్షన్ కంటే పొడుగ్గా ఉంది.

ఆగస్టు చివర

తట్టే థ్రెడ్, స్లీప్ లోపలి దెబ్బలు రెండూ ఆపి, వాటి భారం ఎంతో చూద్దామని మామూలుగా నడిపిన రోజున పరీక్ష జాయిన్ దగ్గర ఆగిపోయింది. మళ్లీ తట్టడం మొదలుపెడితే అన్నీ పాస్.

కారణం వెతికితే వైల్ చాటున మరొక తప్పు దాగి ఉంది. ఆగినవాడు లాక్ పట్టుకుని "ముగిసింది" అనే గుర్తును చూస్తాడు, లేదు కాబట్టి నిద్రకు సిద్ధమవుతాడు. ముగిసేవాడు మాత్రం ఆ లాక్ తీసుకోకుండానే గుర్తు పెట్టి వేకప్ పిలుస్తాడు. వేరే హార్ట్ మీద ఆ రెండూ ఆగినవాడి చూపుకూ నిద్రకూ మధ్య పడితే, వేకప్‌కు నిద్రపోతున్నవాడు ఎవరూ కనిపించరు. ఆ తరువాత పడుకున్నవాడిని లేపేవారు ఇక లేరు. ఇది పోయిన మేలుకొలుపు. తట్టే థ్రెడ్ నడుస్తున్నప్పుడు కొన్ని టిక్కుల్లో అది ఎలాగూ వాడిని లేపుతుంది, వాడు గుర్తు చూసుకుంటాడు, వెళ్లిపోతాడు. అదనపు మేలుకొలుపులను పట్టడానికి చేసిన పనిముట్టే పోయిన మేలుకొలుపులకు మందు వేసి దాచిపెడుతోంది.

దీనితో పరీక్షా పద్ధతి రెండుగా చీలింది. తట్టుడు ఉన్న నడక ఇఫ్‌లనూ, గడువు లెక్కలనూ పడుతుంది. తట్టుడు లేని నడకలో లేపడమంటే కేవలం కోడ్‌లో రాసిన మేలుకొలుపులే. అక్కడ మేము షరతు చూడడానికీ నిద్రకూ మధ్య యాదృచ్ఛికంగా కొంత ఆలస్యం చొప్పించి, ఆ సన్నటి సందును వెడల్పు చేశాము. మేకుఫైలులో (కెర్నెల్‌ను నిర్మించే సూచనల ఫైలులో) రెండూ వేర్వేరు లక్ష్యాలు, రెండూ ఒకేసారి వెలిగించడం నిషేధం. జాయిన్‌లో ముగిసేవాడు కూడా ఇప్పుడు లాక్ తీసుకునే గుర్తు పెడతాడు. సందేశాల క్యూ ప్రతిష్టంభన కూడా తట్టే థ్రెడ్ లేని నడకల్లోనే ఏర్పడిందని పాత చిట్టాలు తిరగేస్తే కనిపించింది.

సెప్టెంబరు, నిమజ్జనం తరువాత

కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న 3.3 వోల్టుల సీరియల్ కేబుల్‌తో కెర్నెల్‌ను నిజమైన రిస్క్-ఫైవ్ బోర్డు మీదికి తెచ్చే పని మొదలైంది. ఇక్కడ నిద్రపోయేది థ్రెడ్ కాదు, ప్రాసెసరే. చేయడానికి పని లేనప్పుడు హార్ట్‌ను ఆపే డబ్ల్యూఎఫ్‌ఐ ఆదేశం గురించి రిస్క్-ఫైవ్ నిర్దేశం స్పష్టంగా ఉంది: దాన్ని ఏమీ చేయని ఆదేశంగా అమలు చేసినా చెల్లుతుంది. అంటే ఆ పంక్తి దాటిన తరువాత ఇంటరప్టు వచ్చిందని అనుకునే హక్కు ఎవరికీ లేదు. మా షెడ్యూలర్ ఎలాగూ లూపే. బూట్ కోడ్‌లో ఇతర హార్ట్‌లు మొదటి హార్ట్ కోసం ఆగే చోట మాత్రం డబ్ల్యూఎఫ్‌ఐ ఒంటరిగా ఉంది, చుట్టూ గుర్తు చూసే లూప్ పెట్టాము.

ఈ ఆదేశానికి ఉన్న మరొక గుణం మాకు ఉపయోగపడింది. మొత్తంగా ఇంటరప్టులు ఆపి ఉన్నా, విడిగా అనుమతించిన ఇంటరప్టు పెండింగ్‌లో ఉంటే డబ్ల్యూఎఫ్‌ఐ ముందుకు సాగుతుంది. కాబట్టి ఇంటరప్టులు ఆపి, పని ఉందో లేదో చూసి, లేకపోతే డబ్ల్యూఎఫ్‌ఐ, ఆ తరువాత ఇంటరప్టులు తెరవడం అనే వరుసలో, చూపుకూ నిద్రకూ మధ్య వచ్చిన ఇంటరప్టు పోదు. జాయిన్‌లో లాక్ చేసిన పనే ఇక్కడ ఇంటరప్టుల మూత చేస్తోంది.

పరికరాల ఇంటరప్టులను హార్ట్‌లకు చేర్చే ప్లిక్ దగ్గర కొత్తగా చేయవలసింది లేదు. ఒకే పరికరపు ఇంటరప్టుకు రెండు హార్ట్‌లు స్పందిస్తే ఒకటి దాన్ని దక్కించుకుంటుంది, రెండోదానికి సున్నా వస్తుంది. ఎక్స్‌వీ6 సున్నాను చూసి మౌనంగా తిరిగిపోతుంది.

ఇక మిగిలింది స్లీప్‌ను నేరుగా పిలిచే అవకాశాన్నే తీసేయడం. లినక్స్‌లోని వెయిట్-ఈవెంట్ తరహాలో షరతునే ఆర్గ్యుమెంటుగా తీసుకునే మాక్రో రాసి, లూప్‌ను దాని కడుపులో పెట్టాము. అక్కడ కూడా షరతు లేకుండా పడుకోబెట్టే పాత స్లీప్-ఆన్ కుటుంబాన్ని చాలా ఏళ్లు నిరుత్సాహపరిచి, చివరికి 2014లో తొలగించారు. మా మాక్రోకు మూడు రూపాలు: తిరిగి పడుకోవలసిందే అన్నది, కిల్‌కు వెళ్లిపోవచ్చు అన్నది, గడువుతో కూడినది. జూలైలో కాగితం మీద గీసిన గడి ఇప్పుడు ఫంక్షన్ పేరులోకి వచ్చింది. కొత్త కోడ్‌లో ఎవరైనా స్లీప్‌ను నేరుగా పిలిస్తే కంపైల్ కాదు.

సెప్టెంబరు చివరి శనివారం

యూజర్ థ్రెడ్ల కోసం ఫ్యూటెక్స్ (మెమరీలోని ఒక విలువ మీద నిద్రపోయే లినక్స్ ఏర్పాటు) లాంటి సిస్టమ్ కాల్ చేర్చడం మొదలుపెట్టాము. చిరునామా, ఉండవలసిన విలువ ఇస్తే, కెర్నెల్ తన లాక్ కింద ఆ విలువను పోల్చి, సరిపోతేనే పడుకోబెడుతుంది; సరిపోకపోతే వెంటనే తిప్పి పంపుతుంది. పోయిన మేలుకొలుపును ఆ పోలిక అరికడుతుంది. అనుకోనిదాన్ని మాత్రం అరికట్టలేము. లాక్ వదిలేవాడు ముందు మెమరీలో విలువ మార్చి, ఆ తరువాత మేల్కొలిపే కాల్ చేస్తాడు. ఈ రెండింటి మధ్య మరొక థ్రెడ్ లాక్ తీసుకుని, పని ముగించి, ఆ లాక్ ఉన్న మెమరీనే విడుదల చేసేయవచ్చు, అదే చిరునామాలో మరొకరి లాక్ పుట్టవచ్చు. మేలుకొలుపు వెళ్లి ఆ అపరిచితుడికి తగులుతుంది. ఛానెల్ చిరునామాల కథ మళ్లీ మొదటికి వచ్చింది, ఈసారి మా చేతిలో లేని యూజర్ కోడ్‌లో. లినక్స్ మాన్యువల్ కూడా, నిరీక్షణ సున్నాతో తిరిగి వస్తే అది ఉత్త మేలుకొలుపు కావచ్చని భావించి, ఆ పదంలోని విలువను చూసే నిర్ణయించుకోవాలని చెబుతుంది.

మా డాక్యుమెంటులో ఈ కాల్ తిరిగి ఇచ్చే సున్నా ఎదుట "ఏ హామీ లేదు" అని రాశాము. తట్టే థ్రెడ్ ఇప్పుడు ఫ్యూటెక్స్ నిద్రలనూ కొడుతోంది. విద్యార్థులకు ఇచ్చే కెర్నెల్ ఇమేజిలో అది మొదటి నుంచే వెలిగి ఉంటుంది, ఆపాలంటే మేకుఫైలు తెరిచి చేతితో మార్చుకోవాలి. ఆపిన నడకను కూడా విద్యార్థుల పనిని దిద్దేటప్పుడు మేమే విడిగా నడుపుతాము. వచ్చే శనివారం పని యూజర్ వైపు మ్యూటెక్స్ అనే లాక్ రాయడం.